చెరోకీ వెనక యాక్సిల్ మారుస్తుంటే డిస్కా, డ్రమ్మా?

మీరు అడిగింది క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. బండి 1998 జీప్ చెరోకీ, 4.0 ఇంజిన్, ఆటోమేటిక్, ఫోర్ వీల్ డ్రైవ్. వెనక డానా 35 యాక్సిల్ (రెండు వెనక చక్రాలను తిప్పే ఇరుసు) కూత పెడుతుంటే విప్పి చూశారు. లోపల క్రౌన్ అనే పెద్ద గేరు పళ్లు తినేశాయి, ఒక వైపు ట్యూబు కూడా వంగింది. దగ్గర్లోని స్క్రాప్ యార్డులో రెండు యాక్సిళ్లు దొరికాయి. ఒకటి 1999 చెరోకీది, క్రిస్లర్ 8.25, డ్రమ్ బ్రేకులతో (చక్రంతో తిరిగే గిన్నెను లోపలి నుంచి షూలు పట్టుకునేవి). రెండోది 1998 ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌ది, 8.8, డిస్క్ బ్రేకులతో (తిరిగే పళ్లేన్ని రెండు వైపులా ప్యాడ్లు నొక్కేవి). పేర్లలోని అంకెలు క్రౌన్ వ్యాసం, అంగుళాల్లో. మీరుండేది డెన్వర్ దగ్గర. టైర్లు 30 అంగుళాలవి. రోజూ ఆఫీసుకూ, పిల్లల స్కూలుకూ ఇదే బండి, ఎండాకాలంలో అప్పుడప్పుడూ కొండల్లో ట్రైల్స్ మీదికి. వెల్డింగ్ రాదన్నారు. డిస్కులున్నది దొరుకుతుంటే డ్రమ్ములెందుకని మీ ఫ్రెండ్ గట్టిగా చెబుతున్నాడన్నారు.

నేనైతే మీ బండికి డ్రమ్ములున్న 8.25 వేస్తాను. పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, ఇప్పుడు చేస్తున్నది ఇక్కడ కొలరాడోలో. రెండు చోట్లా వెనక డిస్కులు కావాలని వచ్చినవాళ్లు చాలామందే తగిలారు. వాళ్లలో సగం మందికి నిజంగా కావలసింది డిస్కులు కాదు, ఉన్న డ్రమ్ములను ఎవరైనా సరిగ్గా సెట్ చేసి పెట్టడం. మీ విషయంలో ఎందుకిలా అంటున్నానో వివరంగా చెబుతాను. డిస్కులే సరైన సందర్భాలూ ఉన్నాయి, అవీ చెబుతాను.

ముందు వెనక బ్రేకు చేసే పని ఎంతో చూద్దాం. మీ చెరోకీ బరువు సుమారు 1500 కిలోలు. నిలబడి ఉన్నప్పుడు అందులో 45 శాతం, అంటే 675 కిలోల దాకా, వెనక చక్రాల మీద ఉంటుందనుకోండి. వీల్‌బేస్ 101.4 అంగుళాలు. బరువు కేంద్రం నేల నుంచి 27 అంగుళాల ఎత్తులో ఉందని లెక్క వేసి, పొడి రోడ్డు మీద 0.8 జీ తో (భూమ్యాకర్షణలో 0.8 వంతు) గట్టిగా బ్రేకు కొడితే, దాదాపు 320 కిలోల బరువు వెనక నుంచి ముందుకు మారుతుంది. వెనక మిగిలేది 355 కిలోలు. బండి బరువులో నాలుగో వంతు కూడా లేదు. అంత తక్కువ బరువున్న చక్రాలను లాక్ చెయ్యడానికి మీ 9 అంగుళాల డ్రమ్ము చాలు, ఇంకా ఎక్కువే. అందుకే ఫ్యాక్టరీలోనే వెనక లైనుకు వెళ్లే ప్రెషర్ తగ్గించడానికి ప్రపోర్షనింగ్ వాల్వు పెట్టారు. ఉన్న శక్తిని తగ్గించుకుని వాడుతున్న చోట ఇంకా పెద్ద బ్రేకు పెడితే బండి ముందే ఆగిపోదు. చక్రాన్ని లాక్ చేసేంత బ్రేకు ఉన్నాక, ఎంత దూరంలో ఆగుతుందో చెప్పేది టైరూ, రోడ్డూ.

మీ ఫ్రెండ్ వెనక డిస్కులు వేయించుకున్నాక బ్రేకులు అదిరిపోయాయని చెప్పి ఉంటాడు. అబద్ధం చెప్పలేదు. కానీ ఆ రోజు ఆయన బండిలో ఏమేం మారాయో గమనించండి. లైనింగ్ కొత్తది, హోసులు కొత్తవి, బ్రేక్ ఆయిల్ కొత్తది, గాలి పూర్తిగా తీశారు. అంతకుముందు ఎన్నో ఏళ్లుగా స్టార్ వీల్ (షూల దూరం సర్దే పళ్ల చక్రం) తుప్పు పట్టి, షూలు డ్రమ్ముకు దూరంగా ఉండి, పెడల్ సగం దాకా వట్టిగా పోయే డ్రమ్ములతో పోల్చుకుంటున్నాడు. కొత్తగా చేసిన డ్రమ్ములకూ కొత్తగా చేసిన డిస్కులకూ మధ్య తేడా రోజువారీ నడపడంలో అంతగా తెలియదు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. చెరోకీ వెనక ఉన్నది డ్యుయో సర్వో డ్రమ్ము. బ్రేకు నొక్కగానే ముందు వైపున్న ప్రైమరీ షూ డ్రమ్మును పట్టుకుని దాంతోపాటే తిరగబోతుంది. ఆ ఊపుతో కింద ఉన్న అడ్జస్టర్ మీదుగా వెనక షూను తోస్తుంది. ఆ షూ పైకి వెళ్లి యాంకర్ పిన్నుకు ఒత్తుకుని ఇంకా గట్టిగా డ్రమ్మును పట్టుకుంటుంది. అంటే బ్రేకు పట్టులో కొంత భాగం మీ కాలు నుంచి కాక, తిరుగుతున్న చక్రం నుంచే వస్తుంది. డిస్కులో ఈ సదుపాయం లేదు. ప్యాడును ఎంత ప్రెషర్ తోస్తే అంతే పట్టు. కాబట్టి అదే పని చెయ్యడానికి డిస్కుకు ఎక్కువ ప్రెషర్ కావాలి, క్యాలిపర్ (ప్యాడ్లను నొక్కే భాగం) పిస్టన్ పెద్దది కనుక ఆయిల్ కూడా ఎక్కువ కావాలి.

మీ బండిలోని వాల్వు డ్రమ్ముల కోసం లెక్క వేసింది. వెనక ప్రెషర్‌ను తొందరగానే కోసేస్తుంది. దాన్ని అలాగే ఉంచి 8.8 డిస్కులు తగిలిస్తే వెనక బ్రేకు ఉన్నట్టే ఉంటుంది కానీ పని తక్కువ చేస్తుంది. ముందు ప్యాడ్లు తొందరగా అరుగుతాయి, ముందు డిస్కులు ఎక్కువ వేడెక్కుతాయి. పెడల్ కూడా కొంచెం లోతుకు పోయినట్టుంటుంది. డిస్కులు వేయించాక బండి ముందుకంటే బాగా ఆగడం లేదని వచ్చేవాళ్ల కథ చాలావరకు ఇదే.

దీనికి చెరోకీ వాళ్లు మామూలుగా చేసేది, వెనక డిస్కులతో వచ్చిన గ్రాండ్ చెరోకీ జెడ్‌జే మోడల్ వాల్వు తెచ్చి పెట్టడం. 1993 నుంచి 1998 దాకా వచ్చిన బండి అది. వాల్వు తీసేముందు ఆ బండి వెనక డిస్కులే ఉన్నాయో లేదో కళ్లతో చూసుకోండి, డ్రమ్ములతో వచ్చినవీ ఉన్నాయి. రెండో దారి, నాబ్ తిప్పి సర్దుకునే వాల్వు వెనక లైనులో పెట్టడం. ఇక్కడ ఒక మాట గట్టిగా పట్టుకోండి. ఈ వాల్వు ప్రెషర్‌ను తగ్గించగలదే తప్ప పెంచలేదు. ఫ్యాక్టరీ వాల్వు ముందే కోసేసిన ప్రెషర్‌ను తర్వాత ఎంత తిప్పినా వెనక్కి తేలేం. అందుచేత పాతదానిలోని వెనక ప్రపోర్షనింగ్ భాగాన్ని పక్కకు తప్పించాకే కొత్తది పెట్టాలి. అలా తప్పించాక వెనక చక్రాలు ముందుగా లాక్ అయ్యే ప్రమాదం పూర్తిగా మీ చేతిలోకి వస్తుంది. మంచు రోడ్డు మీద వెనక చక్రాలు ముందుగా లాక్ అయితే బండి గిర్రున తిరిగిపోతుంది, స్టీరింగ్ తిప్పినా ఫలితం ఉండదు. మీకు వద్దనడానికి నా మొదటి కారణం ఇదే. పిల్లల్ని ఎక్కించుకుని మంచులో తిరిగే బండికి ముందు వెనక బ్రేకుల పొత్తు ఫ్యాక్టరీ లెక్కలోనే ఉండటం మంచిది.

రెండో కారణం హ్యాండ్ బ్రేకు. దీని గురించి ఎవరూ అడగరు, అందుకే కాస్త ఎక్కువగా చెబుతాను. డ్రమ్ములో హ్యాండ్ బ్రేకుకు వేరే సామాను లేదు. కేబులు లాగితే అవే పెద్ద షూలు తెరుచుకుంటాయి. సర్వో పద్ధతి రెండు దిక్కులా పనిచేస్తుంది కనుక, బండి ముందుకు జారబోయినా వెనక్కి జారబోయినా షూలు తమంతట తామే ఇంకా బిగుసుకుంటాయి. ఎక్స్‌ప్లోరర్ 8.8 డిస్కులో అలా కాదు. క్యాలిపర్‌కూ హ్యాండ్ బ్రేకుకూ సంబంధం లేదు. డిస్కు మధ్యలో టోపీలాంటి భాగం లోపల చిన్న డ్రమ్ము, అందులో సన్నటి చిన్న షూలు. నడుస్తున్న బండిని ఆపే పని వాటికి లేదు కనుక అవి అరగవు. అరగవు కనుక ఎవరూ విప్పి చూడరు. ఉప్పు చల్లే రాష్ట్రాల నుంచి వచ్చిన బండి అయితే ఆ లోపల లివర్లు తుప్పుతో బిగుసుకుపోతాయి, షూ నుంచి లైనింగ్ ఊడి రేకులా రాలుతుంది. డిస్కు లాగి చూస్తే నల్లటి పొడి, విరిగిన లైనింగ్ ముక్కలు చేతిలో పడతాయి. పైకి మాత్రం ప్యాడ్లు బాగుంటాయి, డిస్కు మెరుస్తూ ఉంటుంది.

మీరు ట్రైల్ మీద వాలులో ఆపి దిగుతారు. ట్రాన్స్‌మిషన్ పార్క్‌లో పెట్టి దాని మీదే భారం వేయకూడదు. పార్క్‌లో బండిని పట్టుకునేది లోపల పాల్ అనే చిన్న కొక్కెం ముక్క ఒక్కటే. ఇప్పటి కార్లకు వర్తించే అమెరికా ప్రమాణం ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 135 ప్రకారం పార్కింగ్ బ్రేకు 20 శాతం వాలు మీద బండిని 5 నిమిషాలు పట్టుకోవాలి. కొత్తగా చేసిన డ్రమ్ము ఇది అవలీలగా చేస్తుంది. డిస్కు లోపలి చిన్న షూలతోనూ అవుతుంది, కానీ వాటిని చేత్తో సరిగ్గా అడ్జస్ట్ చేసి, కేబులు నిడివి కుదిర్చి, కొత్త లైనింగ్‌ను కాస్త రాపిడికి అలవాటు చేసి డ్రమ్ముకు ఒదిగేలా చేశాకే. ఎక్స్‌ప్లోరర్ కేబుళ్లు చెరోకీ బ్రాకెట్‌కు ఉన్నవి ఉన్నట్టు కూర్చోవు. చాలామంది ఇక్కడే విసిగిపోయి, కేబులు చుట్టి పైన కట్టేసి తిరుగుతుంటారు. హ్యాండ్ బ్రేకు లేని బండిని నేను గ్యారేజీ దాటనివ్వను. అది పార్కింగుకే కాదు, ఆయిల్ లైను పగిలిన రోజు మిగిలే చివరి బ్రేకు.

ఇక వేడి. ఇక్కడ డిస్కుదే పైచేయి, అందులో అనుమానం లేదు. డ్రమ్ము వేడెక్కితే వ్యాసం పెరిగి షూల నుంచి దూరం జరుగుతుంది, పెడల్ కిందికి దిగుతుంది. డిస్కు వేడెక్కితే మందం పెరిగి ప్యాడు వైపే వస్తుంది. గాలి కూడా డిస్కుకే బాగా తగులుతుంది. పైక్స్ పీక్ 14,115 అడుగుల నుంచి దిగేటప్పుడు గ్లెన్ కోవ్ దగ్గర బండి ఆపి బ్రేకుల వేడి చూస్తారు కదా, అక్కడ ఎక్కువగా పట్టుబడేది బ్రేకు మీద కాలు పెట్టి దిగేవాళ్లు. మన తిరుమల ఘాట్‌లోనూ శ్రీశైలం ఘాట్‌లోనూ డ్రైవర్లు ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలంటారు, ఇక్కడా అదే. మీ సెలెక్టర్‌ను డి నుంచి 3 లోకి, ఇంకా నిటారుగా ఉంటే 1-2 లోకి తెచ్చుకోండి. అప్పుడు వెనక డ్రమ్ములు వేడెక్కే అవసరమే రాదు. పైగా దిగుడులో ఎక్కువ వేడెక్కేది ముందు డిస్కులే. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, అదే తేమ పీల్చాక 140కే మరగవచ్చు. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడం, వెనక డిస్కులు వెయ్యడం కంటే దిగుడులో ఎక్కువ పనికొస్తుంది.

బురదా నీళ్లూ ఇంకో సంగతి. వాగు దాటాక డ్రమ్ములో నీళ్లు నిలుస్తాయి, నాలుగైదు సార్లు నెమ్మదిగా నొక్కి ఆరబెట్టుకోవాలి. బురద లోపల చేరితే బయటికి రాదు, ఇసుకతో కలిసి షూలనూ డ్రమ్మునూ ఉలిలా గీస్తుంది. డిస్కు ఒక తిప్పుకే నీళ్లు విదిల్చేస్తుంది. వారం వారం బురదలో దిగే బండికి నేనైతే ఆలోచించకుండా డిస్కులు వేస్తాను. మీ కొలరాడో ట్రైల్స్ ఎక్కువగా రాళ్లవి, పొడివి. ఏడాదికి రెండుసార్లు డ్రమ్ములు తీసి బ్రేక్ క్లీనర్‌తో కడిగితే సరిపోతుంది. కంప్రెసర్ గాలితో మాత్రం ఊదకండి, పాత లైనింగ్‌లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు.

డిస్కు వైపు చెప్పాల్సిన మంచి మాట ఇంకొకటుంది. మీ డానా 35, 8.25, 8.8 మూడింట్లోనూ యాక్సిల్ షాఫ్టును పట్టి ఉంచేది డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలోని గేర్ల పెట్టె) లోపలి సీ క్లిప్, అంటే సీ ఆకారంలోని చిన్న ఇనప ముక్క. షాఫ్టు విరిగితే డ్రమ్ముతో సహా చక్రం బయటికి జారిపోవచ్చు. డిస్కు ఉంటే క్యాలిపర్ దాన్ని కాస్త అడ్డుకుంటుంది. నమ్ముకుని నడపదగ్గ భద్రత కాదు, ఆగడానికి కొద్ది సమయం దొరుకుతుందంతే. 30 అంగుళాల టైర్లతో 8.25 షాఫ్టు విరగడం గురించి మీరు టెన్షన్ పడక్కర్లేదు.

బ్రేకుల సంగతి పక్కన పెట్టి యాక్సిల్ చూడండి, అసలు తేల్చాల్సింది అదే. 1997 నుంచి వచ్చిన 8.25లో షాఫ్టుకు 29 స్ప్లైన్లు (చివర ఉండే నిలువు పళ్లు, ఎక్కువ ఉంటే షాఫ్టు లావు), అంతకుముందు 27. మీకు దొరికింది 1999ది కనుక మంచిదే. స్ప్రింగు కూర్చునే ప్యాడ్లు, షాక్ బ్రాకెట్లు, హ్యాండ్ బ్రేకు కేబుళ్లు, మధ్య హోసు అన్నీ మీ బండికి సరిపోయేవే. పొద్దున జాకీ ఎత్తితే సాయంత్రానికి చక్రాల మీద నిలబెట్టవచ్చు. డ్రైవ్ షాఫ్టు కూడా ఆ బండిదే తెచ్చుకోండి, పొడవులో తేడా వస్తే తలనొప్పి ఉండదు.

ఎక్స్‌ప్లోరర్ 8.8 వీటికంటే బలమైనది. 31 స్ప్లైన్లు, క్రౌన్ 8.8 అంగుళాలు, 1995 నుంచి 2001 వాటికి డిస్కులు, లావైన ట్యూబులు. చక్రం బోల్టులు కూడా చెరోకీ లాగే 5, వాటి వలయం 4.5 అంగుళాలు. అందుకే దానికంత పేరు. కానీ అందులో ఫోర్డు స్ప్రింగు ప్యాడ్లు కోసి, చెరోకీ కొలతకు కొత్తవి వెల్డ్ చెయ్యాలి. పినియన్ (క్రౌన్‌ను తిప్పే చిన్న గేరు) కోణం చూసుకోవాలి, షాక్ బ్రాకెట్లు వెల్డ్ చెయ్యాలి. పినియన్ ముందు ఫోర్డు ఫ్లాంజి ఉంటుంది, మీ డ్రైవ్ షాఫ్టుకు కలిపే జాయింటు మార్చాలి. పోత హౌసింగ్‌లోకి ట్యూబులు దిగే చోట తిరగకుండా వెల్డ్ చేయించడం మంచిదంటారు, పోత ఇనుము మీద వెల్డింగ్ అందరికీ రాదు. ప్యాడ్లు ఒక పిసరు వంకరగా అతికినా బండి ఎండ్రకాయ నడకే నడుస్తుంది. 33 అంగుళాల టైర్లూ లాకరూ (రెండు చక్రాలనూ కలిపి తిప్పే సామాను) వేసి రాళ్ల మీద ఎక్కించే ఆలోచన ఉంటే ఈ శ్రమంతా న్యాయమే. అప్పుడు డిస్కులు యాక్సిల్‌తోపాటు వచ్చే లాభం. డిస్కుల కోసమే ఈ యాక్సిల్ వెయ్యడం మాత్రం తలకిందుల బేరం.

రెండింట్లో ఏది కొన్నా ముందు గేరు రేషియో (చక్రం ఒక చుట్టు తిరగడానికి డ్రైవ్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క) చూడండి. మీ ముందు యాక్సిల్ 3.55 అయి ఉంటుంది, 4.0 ఆటోమేటిక్‌కు మామూలుగా వచ్చేది అదే. వెనక కూడా అదే ఉండాలి. ఎక్స్‌ప్లోరర్లలో 3.55, 3.73, 4.10 ఇలా చాలా ఉన్నాయి. కవరు బోల్టు కింద రేకు ముక్క మీద 3 అంకె తర్వాత ఎల్ అక్షరం వచ్చి 73 అని ఉంటే 3.73, లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారినా రెండోదానికి కొంత శక్తి పంపేది) అని అర్థం. రేకు లేకపోతే కవరు తీసి పళ్లు లెక్కపెట్టండి. క్రౌన్ పళ్లను పినియన్ పళ్లతో భాగిస్తే రేషియో. ముందు వెనక తేడాగా ఉండి ఫోర్ వీల్‌లో వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక చక్రాలకు శక్తి పంచే పెట్టె) పాడవుతుంది.

ఇంకో ప్రశ్నకు మీరే జవాబు చూసుకోవాలి. తాళం తిప్పినప్పుడు డాష్ మీద ఏబీఎస్ (గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు) లైటు వెలిగి ఆరుతోందా? ఆరితే మీ డానా 35 చక్రాల దగ్గర సెన్సర్లు ఉన్నట్టే. 8.25లో ఆ ఏర్పాటు లేదు. 8.8లో సెన్సరు ఒక్కటే, అదీ డిఫరెన్షియల్ మీద, మీ బండి కంప్యూటరుకు పొసగదు. అంటే ఏది వేసినా ఏబీఎస్ పోతుంది. అలాగైతే నా సలహా మారుతుంది. మంచి డానా 35నే, ఏబీఎస్ బండి నుంచి వచ్చినదాన్ని, వెతికి డ్రమ్ములతోనే వేసుకోండి. పిల్లలు తిరిగే బండిలో ఉన్న ఏబీఎస్‌ను తీసేసి ఇంకాస్త బలమైన యాక్సిల్ పెట్టడం నాకు ఒప్పుదల కాదు.

ఏబీఎస్ లేదనుకుని, 8.25 తేవడానికి యార్డుకు వెళ్తే ఇలా చూడండి. డ్రమ్ము రాకపోతే సుత్తితో బాదకండి. వెనక ప్లేటులో రబ్బరు బిరడా ఉంటుంది, దాన్ని తీసి స్క్రూడ్రైవర్‌తో స్టార్ వీల్‌ను వెనక్కి తిప్పితే షూలు లోపలికి ముడుచుకుని డ్రమ్ము జారి వస్తుంది. లోపల తడిగా ఉంటే వేలితో రాసి వాసన చూడండి. ముక్కుకు గుచ్చే గంధకం వాసనైతే గేర్ ఆయిల్, అంటే యాక్సిల్ సీలు కారుతోంది. ఆ వాసన లేకుండా పల్చగా ఉంటే వీల్ సిలిండర్ కారుతోంది, దాని రబ్బరు బూటు అంచు ఎత్తితే చుక్క పడుతుంది. రెండూ బాగుచేసుకోగలిగినవే, బేరం తగ్గించడానికి పనికొస్తాయి. షాఫ్టు మీద బేరింగు తిరిగే చోట గోరుకు తగిలే గాడి పడితే మాత్రం వదిలెయ్యండి. అందులో బేరింగు నేరుగా షాఫ్టు మీదే తిరుగుతుంది. షాఫ్టు పోతే కొత్త సీలు వేసినా నిలవదు.

ఇంటికి తెచ్చాక డ్రమ్ముల పని పూర్తిగా చెయ్యండి, పాత షూలు బాగున్నాయని వదలకండి. డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం పోత పోసి ఉంటుంది. లేత్‌కు ఇచ్చే ముందు కొలిచి, ఆ హద్దు దాటేలా ఉంటే కొత్తవే కొనండి. వీల్ సిలిండర్లు, స్ప్రింగుల సెట్టు, హోసు కొత్తవి వెయ్యండి. ఒక వైపు పూర్తయ్యేదాకా రెండో వైపు విప్పకండి, సందేహం వస్తే చూసుకోవడానికి అదే మీ బొమ్మ. రెండు షూలలో లైనింగ్ పొట్టిగా ఉన్నది ప్రైమరీ, అది బండి ముందు వైపు రావాలి. అటూ ఇటూ మారిస్తే బ్రేకు పట్టు తగ్గుతుంది, ఎందుకో తెలియక ఆయిల్ గాలి తీస్తూ కూర్చుంటారు. కుడి, ఎడమ అడ్జస్టర్ల మరలు ఎదురెదురు దిక్కులవి. మారిపోతే ప్రతిసారీ బిగుసుకోవాల్సింది వదులవుతూ పోతుంది. వెనక ప్లేటు మీద షూ ఆనుకుని జారే ఎత్తు మెట్లుంటాయి, వాటి మీద అరిగి గాడి పడితే షూ అక్కడ చిక్కుకుని కిర్రుమంటుంది. చదును చేసి, వేడికి కరగని గ్రీజు గోటి మీద పట్టేంత పూయండి. అంతకంటే ఎక్కువ పూస్తే లైనింగ్ మీదికి పోతుంది.

బయటే అడ్జస్ట్ చేసి డ్రమ్ము తొడిగితే చేత్తో తిప్పినప్పుడు సన్నగా రాసుకుంటున్న చప్పుడు వినపడాలి, పట్టెయ్యకూడదు. హ్యాండ్ బ్రేకు కేబులు ఆ తర్వాతే బిగించండి. కేబులు ముందే బిగిస్తే షూలు యాంకర్ పిన్ను దాకా వెళ్లవు, సెల్ఫ్ అడ్జస్టరు పనిచెయ్యదు. ఈ డ్రమ్ములు వెనక్కి వెళ్తూ బ్రేకు నొక్కినప్పుడు అడ్జస్ట్ అవుతాయి. ఖాళీ పార్కింగ్‌లో రివర్స్‌లో పది పన్నెండు సార్లు గట్టిగా ఆపండి. పెడల్ ఒక్కోసారికి పైకి రావడం మీ కాలికే తెలుస్తుంది.

పనంతా అయ్యాక కూడా డిస్కుల మీద ఆశ చావకపోతే, 8.8 వెల్డింగ్ లేని ఇంకో దారి ఉంది. జీప్ లిబర్టీ మొదటి మోడల్ వెనక యాక్సిల్ కూడా క్రిస్లర్ 8.25నే, డిస్కులతో వచ్చినవి ఉన్నాయి. ఆ బ్రాకెట్లూ క్యాలిపర్లూ తెచ్చి 29 స్ప్లైన్ల చెరోకీ యాక్సిల్‌కు బిగించుకున్నవాళ్లు చాలామంది. వాల్వూ హ్యాండ్ బ్రేకు కేబులూ గురించి పైన చెప్పిందంతా దానికీ వర్తిస్తుంది. క్యాలిపర్ ఎక్కించేటప్పుడు గాలి తీసే నిపుల్ పైకే ఉండాలి. కుడిది ఎడమకు పెడితే నిపుల్ కిందికి వచ్చి, ఎన్నిసార్లు గాలి తీసినా లోపల బుడగ ఉండిపోతుంది. స్టీలు లైను అతకాల్సి వస్తే డబుల్ ఫ్లేర్ (గొట్టం అంచును రెండు పొరలుగా మడిచి విప్పార్చడం) చేయించండి. వత్తి బిగించే కంప్రెషన్ ఫిట్టింగులు బ్రేకు లైనులో వద్దు.

ఆంధ్రాలో, తెలంగాణలో ఉండి పాత జీపుకు ఇదే పని చేయిద్దామనుకుంటున్నవాళ్లకు ఒక మాట. అక్కడ మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన నమూనాకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే నిలబెట్టింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర చిక్కు రావచ్చు. అదే రకం యాక్సిల్, అదే రకం బ్రేకు వేస్తే ఆ గొడవ లేదు. 2020లో వచ్చిన కొత్త థార్‌కు కూడా కంపెనీ వెనక డ్రమ్ములే పెట్టింది. పాడేరు, అరకు ఘాట్లలో బాగా సెట్ చేసిన డ్రమ్ములు సరిగ్గానే పనిచేస్తాయి.

చివరగా, ఏది వేసినా పరీక్ష ఇలా చెయ్యండి. మట్టి పరిచిన ఖాళీ స్థలంలో 15 మైళ్ల వేగంతో మొదలుపెట్టి గట్టిగా బ్రేకు నొక్కండి, పక్కన నిలబడి ఒకరు చక్రాలు చూడాలి. ముందు చక్రాలే ముందుగా లాక్ అవ్వాలి. వెనకవి ముందుగా లాక్ అయితే ఆ బండిని రోడ్డెక్కించకండి. ముందువి సరిగ్గా లాక్ అయితే 25కి, తర్వాత 35కి పెంచి చూడండి. తర్వాత వాలులో న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు మీద ఒకసారి ముక్కు పైకి, ఒకసారి ముక్కు కిందికి ఉండేలా నిలబెట్టి చూడండి. మొదటి 500 మైళ్లయ్యాక డ్రమ్ములు ఇంకోసారి తీసి, షూ పూర్తి వెడల్పునా తగులుతోందో లేదో, సీలు దగ్గర తడి ఉందో లేదో చూసుకోండి. ఏబీఎస్ లైటు సంగతి, ముందు యాక్సిల్ రేషియో రాస్తే, యాక్సిల్ కొనేలోపు ఇంకేమైనా ఉంటే చెబుతాను.